గుండిగలు మోసిన బ్యాటరీ బండి

మా ఆయన కువైట్‌లో ఆరేళ్ళు పికప్పు తోలేరు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక పెద్ద తొట్టి. అక్కడెవరో తోటల ఆసామి దగ్గర పని. ఆ తొట్టిలో గడ్డిమోపులు, నీళ్ళ డ్రమ్ములు, మేకలు, ఒకసారైతే ఏకంగా ఒంటెని కూడా ఎక్కించి తీసుకెళ్ళేరట. ఆ ఒంటె సంగతి మా ఇంట్లో చెప్పుకున్నన్నిసార్లు మా పెళ్ళి సంగతి కూడా చెప్పుకోలేదు. "కాళ్ళు మడిచి కట్టేస్తే బుద్ధిగా కూర్చునొచ్చిందే, పేరంటానికొచ్చినట్టు," అనేవారు. వినేవాళ్ళకి ఒంటె మీదకంటే బండి మీద గౌరవం కలగాలని ఆయన ఆశ.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కువైట్ మానేసి వచ్చేసేరు. "ఇంక వెళ్ళను. ఇక్కడే ఒక పికప్పు కొంటాను. నాన్నగారి సామాను మన బండి మీదే తిప్పుదాం," అన్నారు.

నాన్నగారి సామానంటే పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే వంటసామాను. పలివెల దగ్గర మా ఊళ్ళో మా మావయ్యగారిది పాత సప్లయ్. పెద్ద పెద్ద గుండిగలు, గంగాళాలు, బూరెల మూకుళ్ళు, మనిషెత్తు గరిటెలు, అన్నం వార్చే గంపలు. మా ఇంట్లో మనుషులు నలుగురే గానీ గిన్నెలు మాత్రం ఊరికి సరిపడా ఉండేవి. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఒక గుండిగ వెనక నుంచుని జడ వేసుకుంటుంటే మా అత్తయ్యగారు అరగంట నన్ను వెతికేరు.

ఈ సామానంతా తొక్కుడు రిక్షా మీద వెళ్ళేది. ఆ రిక్షా తొక్కే పెద్దాయనకి మోకాళ్ళు అరిగిపోయి, కూతురు దగ్గరికి రాజోలు వెళ్ళిపోయేడు. దాంతో బండి అవసరం నిజంగానే వచ్చింది.

మా ఆయన కువైట్‌లో దాచింది చాలావరకు ఇంటికి స్లాబు వేయడానికే అయిపోయింది. మిగిలినదానితో పికప్పు రాదు. సెకండ్ హ్యాండు డీజిలు వ్యానొకటి చూసొచ్చేరుగానీ, అది స్టార్టు చేస్తే ఎదురుగా ఉన్న మనిషి కనబడలేదట. అలాంటి రోజుల్లో ఒక ఉదయం రాజమండ్రి వెళ్ళి, మర్నాటికి ఒక బండితో తిరిగొచ్చేరు.

వీధిలోకి బండొచ్చినట్టు మాకు తెలియలేదు. చప్పుడే లేదు. నేను కళ్ళాపి చల్లుతుంటే వెనకనుంచి "ఏవేయ్" అని వినిపించి తిరిగి చూసేసరికి, ఆకుపచ్చ రంగు మూడు చక్రాల ట్రాలీ ఒకటి నా చీర కుచ్చెళ్ళకి జానెడు దూరంలో నుంచునుంది. ముందు అద్దం, పైన రేకు, వెనక తొట్టి. లోపల మా ఆయన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునున్నారు.

"షోరూంలో ఇంకొంచెం పెద్దగా ఉందే," అన్నారు దిగుతూ.

మావయ్యగారు వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగేరు. వంగి కిందకి చూసేరు. "ఇంజనేదిరా?" అన్నారు.

"ఇంజనుండదు నాన్నగారూ. బ్యాటరీ."

"ఇంజను లేపోతే బండెలా అవుతాదిరా?"

"కరెంటుతో నడుస్తుందండి. డీజిలక్కర్లేదు, ఆయిలక్కర్లేదు. రాత్రి ప్లగ్గు పెడితే పొద్దున్నకి అరవై కిలోమీటర్లు వెళ్తుందన్నారు. నాలుగొందల కేజీలు మోస్తదట."

మావయ్యగారికి కేజీల లెక్క పట్టదు. ఆయన కొలతే వేరు. "ఇది ఎన్ని భోజనాల బండో చెప్పు," అన్నారు.

మా వ్యాపారంలో ఏదైనా భోజనాలతోనే కొలుస్తారు. నూరు భోజనాల సామాను, మూడొందల భోజనాల సామాను, అలాగన్నమాట. ఎంత పెద్ద గుండిగ, ఎన్ని గరిటెలు అన్నది దాన్నిబట్టే తేలుతుంది. మా ఆయన జేబులోంచి కాయితం తీసి రెండు వైపులా చూసేరు. షోరూం వాళ్ళిచ్చిన కాయితంలో భోజనాల గురించి ఏమీ రాయలేదు.

ఆ పూటే సామాను ఎక్కించి చూసేరు. నూరు భోజనాల సామాను హాయిగా పట్టింది. రెండొందలకి తాడు కట్టాల్సొచ్చింది. మూడొందల భోజనాల గుండిగ మాత్రం తొట్టిలో దిగలేదు. నాలుగు వేళ్ళ తేడా. ఎటు తిప్పినా అదే నాలుగు వేళ్ళు. ఆఖరికి పక్కకి వాల్చి, మూతి ఆకాశంకేసి పెట్టి కట్టేరు. బండి టోపీ పెట్టుకున్నట్టుంది. మా అత్తయ్యగారు వీధరుగు మీద కూర్చుని అంతా చూసి, "రెండొందల యాభై," అన్నారు. అంతే, మా ఇంట్లో దాని పేరు రెండొందల యాభై భోజనాల బండి అయిపోయింది.

చార్జింగు దగ్గర అసలు గొడవ మొదలైంది. మా ఇంట్లో పెద్ద ప్లగ్గు ఒక్కటే. అది వంటింట్లో, గ్రైండరుకి. బండికి ప్లగ్గు పెడితే పిండి రుబ్బడానికి లేదు. పిండి రుబ్బితే బండికి తిండి లేదు. వారంలో ఏ రోజు ఇడ్లీ, ఏ రోజు బండి అన్నది అత్తయ్యగారు నిర్ణయించేవారు. పైగా బ్యాటరీల్లో పదిహేను రోజులకోసారి డిస్టిల్డ్ వాటరు పొయ్యాలి. "మనం కాలవ నీళ్ళు కాచుకుని తాగుతున్నాం. దీనికి మాత్రం సీసా నీళ్ళా?" అనేవారావిడ.

ఇంకో చిక్కు. వైరు పొట్టిది. బండి వీధిలో ఉంటే వంటింటి కిటికీకి అందదు. సందులోంచి పెరట్లోకి తెచ్చి, కిటికీకి ఆనించి పెట్టాలి. మా ఆయన సామాను దింపి వచ్చి అలిసిపోయి స్నానానికి వెళ్ళిపోయేవారు. "కొంచెం ముందుకు జరుపు," అని లోపల్నుంచి కేకేసేవారు. మొదట్లో నెట్టేదాన్ని. తరవాత ఒకరోజు తాళం తిప్పి, చేతిపిడి మెల్లగా మెలేసి చూసేను. బండి మెత్తగా కదిలింది. గేరు లేదు, క్లచ్చు లేదు, కాలితో తన్నే పని లేదు. ముందుకొక స్విచ్చి, వెనక్కొక స్విచ్చి. కుట్టుమిషనుకంటే తేలిక. అలా రోజూ సాయంత్రం పెరట్లో ముందుకీ వెనక్కీ పది గజాలు తోలేదాన్ని. కొన్నాళ్ళకి అరటి బోదెల మధ్యనుంచి మలుపు తిప్పి, వెనక్కి తెచ్చి, కిటికీకి వేలెడు దూరంలో ఆపడం వచ్చేసింది. ఈ సంగతి కోళ్ళకీ అత్తయ్యగారికీ తప్ప ఎవరికీ తెలీదు.

బయట మాత్రం మా ఆయన పరువు రోజురోజుకీ తగ్గుతోంది. చప్పుడు లేకపోవడంతో కాలవగట్టు మీద గేదెలు పక్కకి తప్పుకునేవి కావు. హారను కొడితే తల తిప్పి చూసి, మళ్ళీ నెమరేసుకునేవి. కొత్తపేట సెంటర్లో ఎవరో చెయ్యెత్తి ఆపి "రావులపాలెం వెళ్తదాండీ?" అని అడిగేరట. ఇంకొకాయన "పిల్లల కోసం కొన్నారాండీ?" అన్నారట. ఆ మాటకి మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఒంటెని మోసిన మనిషి కదా. ఆ తరవాత తలకి తువ్వాలు చుట్టుకుని, ముఖం సగం కప్పుకుని తోలడం మొదలెట్టేరు. ఎండ కోసం అనేవారు. మబ్బుగా ఉన్న రోజు కూడా చుట్టేవారు.

అలా మూడు నాలుగు నెలలు గడిచేక లంక పెళ్ళి వచ్చింది.

కపిలేశ్వరపురానికి ఇవతల, గోదావరి మధ్యలో ఉన్న ఒక లంకలో పెళ్ళి. మూడొందల భోజనాలు. మావయ్యగారు ఎప్పుడో మాటిచ్చేసేరు. మనవైపు రేవుకి పన్నెండు కిలోమీటర్లు, అక్కణ్ణుంచి పంటు మీద గోదావరి దాటాలి. పంటంటే రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచింది. మనుషులూ బళ్ళూ అన్నీ దాని మీదే దాటుతాయి.

పెళ్ళికి రెండు రోజుల ముందు పొద్దున్నే సామాను దింపాలి. ఆ ముందురోజు మా ఆయన కొబ్బరి పీచుడొక్కల గుట్ట మీంచి జారి పడి కుడిచెయ్యి మణికట్టు బెణికించుకున్నారు. కట్టు కట్టి, పదిహేను రోజులు ఏమీ ముట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. మావయ్యగారు బయటి వ్యాన్ల కోసం నలుగురి దగ్గరికెళ్ళేరు. అది మూఢం వెళ్ళిన మొదటి ముహూర్తాల వారం. ఏ వ్యానూ ఖాళీ లేదు.

మావయ్యగారు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. మా ఆయన చెయ్యి మెళ్ళో వేలాడేసుకుని, "కువైట్‌లో అయితే ఒక్క ఫోను కొడితే..." అని ఏదో చెప్పబోయి వాళ్ళ నాన్నగారి ముఖం చూసి ఆపేసేరు.

"నేను తోల్తానండి," అన్నాను.

మా ఆయన నన్ను కొత్తగా చూసినట్టు చూసేరు.

"నీకెలా వచ్చు?"

నేను జవాబు చెప్పేలోపే వంటింట్లోంచి అత్తయ్యగారి గొంతు. "ఆయ్, వచ్చు. రోజూ పెరట్లో తోల్తానే ఉంది. నా అరటిబోదె ఒక్కటి కూడా పడెయ్యలేదు. నీకంటే నయం."

మావయ్యగారు తిరగడం ఆపేరు. "నేను కూడా వెనక కూర్చుంటానమ్మా. సామానుకి ఆసరాగా ఉంటాను," అన్నారు. ఆసరా సామానుకో నాకో నేనడగలేదు.

మర్నాడు తెల్లారేక బయల్దేరేం. మూడొందల భోజనాల గుండిగ ఆకాశంకేసి నోరు తెరుచుకుని వెనక. దాని లోపల చిన్న గుండిగలు, వాటి లోపల గంగాళాలు. గరిటెలన్నీ కట్టగా కట్టి పక్కన. గుండిగకీ గంపకీ మధ్య మావయ్యగారు, పంచె బిగించుకుని. ముందు నా పక్కన, ఒక మనిషికే ఉన్న సీటులో సగం మీద మా ఆయన. చీర కొంగు దోపుకుని, మెడలో పుస్తెలు లోపలికి వేసుకుని, చేతిపిడి మెలేసేను.

వీధి మలుపు దాటేవరకు మా ఆయన ఊపిరి పీల్చినట్టు లేదు. తరవాత పీల్చి, "ఎడమ... ఎడమ... హారను... నెమ్మది," అనడం మొదలెట్టేరు. కాలవగట్టు మీద గేదెలు అడ్డంగా ఉన్నాయి. హారను కొట్టినా కదల్లేదు. మావయ్యగారు వెనకనుంచి ఒక పెద్ద గరిటెతో గుండిగ మీద ఠంగున కొట్టేరు. గేదెలన్నీ ఒక్కసారి కాలవలోకి దిగిపోయేయి. మూడు నెలలుగా మా ఆయన వెతుకుతున్న ఉపాయం అది. కొత్తపేట సెంటర్లో కూడా ఇలాగే గంట కొట్టుకుంటూ వెళ్ళేం. టీకొట్టు దగ్గర నుంచున్నవాళ్ళు గ్లాసులు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయేరు. "ఎవరిదండీ ఊరేగింపు?" అని ఎవరో అడిగేరు. నాకు నవ్వొచ్చింది గానీ దారి మీంచి చూపు తిప్పలేదు.

గోదావరి గట్టు మీంచి రేవులోకి దిగుడు నిటారుగా ఉంటుంది. బ్రేకు మీద కాలేసి, పళ్ళు బిగించి దింపేను. పంటు మీదకి రెండు పలకలు వేసేరు. పంటు నడిపే ఆయన చెయ్యెత్తి, "అమ్మా, ముందు ఇంజను ఆపెయ్యండి," అన్నాడు.

"ఆగే ఉందండి," అన్నాను.

ఆయన బండికి చెవి ఆనించి విని, నమ్మలేక, మావయ్యగారివైపు చూసేడు. మావయ్యగారు, "దానికి ఇంజనుండదండి, బ్యాటరీ అండి," అని ఎంతో తెలిసినట్టు చెప్పేరు. ఇంజను లేకపోతే బండే కాదన్న మనిషి. పంటు మీద ఉన్న పదిమందికీ గోదావరి దాటేలోపు డీజిలు అక్కర్లేదని, ఆయిలు అక్కర్లేదని, సీసా నీళ్ళు తాగుతుందని అంతా వివరించేరు. ఏటి గాలికి తెల్ల పంచె ఎగురుతుంటే, గుండిగ మీద చెయ్యేసి నుంచుని ఆయన చెప్పడం చూస్తే, ఆ బండి కనిపెట్టింది ఆయనేమో అనిపించింది.

అవతలి ఒడ్డున ఇసక. నీటి అంచునుంచి గట్టి దారి దాకా ఫర్లాంగు దూరం తెల్లటి మెత్తటి ఇసక. పది అడుగులు వెళ్ళిందో లేదో, ముందు చక్రం సగందాకా దిగిపోయింది. పిడి మెలేస్తే వెనక చక్రాలు తిరుగుతున్నాయి, గొయ్యి తవ్వుకుంటున్నాయి, బండి మాత్రం అక్కడే ఉంది.

"అయ్యో, అయిపోయింది. బొమ్మ బండన్నారు, బొమ్మ బండే," అన్నాన్నేను. ఏడుపొచ్చేసింది.

మా ఆయన దిగేరు. చక్రాల చుట్టూ తిరిగేరు. వంగి ఇసక గుప్పెడు తీసి చూసేరు. మెల్లగా ఆయన ముఖంలోకి ఒక వెలుగొచ్చింది. అలాంటి వెలుగు, ఆయన కువైట్ నుంచి విమానం దిగిన రోజు తప్ప నేను చూళ్ళేదు. తలకి చుట్టిన తువ్వాలు తీసి భుజం మీదేసుకున్నారు.

"పిడి వదిలెయ్యి. తవ్వకు. సామాను దింపండి నాన్నగారూ. టైర్లలో గాలి తీసెయ్యాలి."

"ఉన్న గాలి కూడా తీసేస్తావురా?" అన్నారు మావయ్యగారు.

"ఎడారిలో ఇంతేనండి. గాలి తగ్గితే టైరు వెడల్పవుతుంది. వెడల్పయితే దిగదు."

పెళ్ళివారి మనుషులు ఆరుగురు ఎదురొచ్చేరు. గుండిగల్ని ఇసకలో దొర్లించుకుంటూ గట్టి దారి దాకా తీసుకెళ్ళేరు. మా ఆయన ఎడమచేత్తో ఒక్కో టైరు దగ్గర కూర్చుని, అగ్గిపుల్లతో నొక్కి గాలి సగం తీసేరు. కొబ్బరిమట్టలు తెప్పించి చక్రాల ముందు పరిపించేరు. "ఇప్పుడు మెలెయ్యి. మెల్లగా. ఆపొద్దు, ఏమైనా ఆపొద్దు. ఆపితే దిగిపోతాం," అన్నారు.

మెలేసేను. బండి ఒకసారి ఊగి, మట్టల మీదకెక్కింది. మట్టలు దాటేక కూడా దిగలేదు. ఇసక మీద పడవలాగా కొట్టుకుంటూ కదిలింది. వెనక మా ఆయన చెయ్యి మెళ్ళో వేలాడుతుండగా పరిగెడుతూ, "ఆపొద్దు, ఆపొద్దు," అని అరుస్తూనే ఉన్నారు. గట్టి దారి ఎక్కేక కూడా అరుపు ఆగలేదు. నేను ఆపేసేక వచ్చి, రొప్పుకుంటూ బండి రేకు మీద అరిచేత్తో కొట్టేరు. కువైట్‌లో గుర్రాన్ని అలా కొడతారట.

టైర్లలో మళ్ళీ గాలి నింపాలి కదా. లంకలో సైకిలు షాపాయన పంపు తెచ్చేడు. మూడు టైర్లకీ పెళ్ళికూతురి మేనమామలు వంతులవారీగా కొట్టేరు. పెళ్ళింటి పని ఏదైనా పెళ్ళింటి పనేనంటూ ఒకాయన చొక్కా విప్పి మరీ కొట్టేడు.

పెళ్ళింటి వాళ్ళు టిఫిన్లు పెట్టేరు. నేను మాత్రం బండి ముందున్న చార్జింగు ముల్లు చూసుకుంటున్నాను. ఇసకలో చాలా ఖర్చయిపోయింది. సగానికి బాగా కిందకొచ్చేసింది. ఉన్నదానితో ఇంటికి చేరలేం. ప్లగ్గు కావాలి. ఆ ఇంట్లోనూ పెద్ద ప్లగ్గు ఒక్కటే. దాన్నిండా మైకు సెట్టు. పొద్దుట్నుంచీ మోగుతూనే ఉంది, ఒకరి మాట ఒకరికి వినబడనంత.

ఇంటి పెద్దావిడ దగ్గరకెళ్ళి, "పిన్నిగారూ, ఓ నాలుగు గంటలు మైకు ఆపి మా బండికి ప్లగ్గిప్పించండి," అని చెవిలో అరిచి చెప్పేను.

"ఏంటమ్మా?"

"మైకు ఆపించండి!"

"ఆపించమంటావా? పొద్దుట్నుంచీ ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నాను తల్లీ," అని ఆవిడే వెళ్ళి తీగ పీకేసింది.

ఒక్కసారి ఊరంతా నిశ్శబ్దం అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో, కూరలు తరుగుతున్న ఆడవాళ్ళలోంచి ఎవరిదో గొంతు, అప్పటిదాకా మైకు మీద నమ్మకంతో గట్టిగా మాట్లాడుతున్నదల్లా, "...వియ్యపురాలు రంగేసుకుంటదంట జుట్టుకి" అని పందిరంతా వినబడింది. మగపెళ్ళివారు ఇంకా రాలేదు కాబట్టి సరిపోయింది. తరవాత నాలుగు గంటలూ అందరూ చాలా మర్యాదగా మాట్లాడుకున్నారు.

బండి చార్జింగవుతుంటే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసేరు. "నువ్వే తోలేవా?" "భయమెయ్యలేదా?" "మీ ఆయనేమీ అనరా?" మా ఆయన పక్కనే గట్టు మీద కూర్చుని పుల్లతో మట్టిలో టైరు బొమ్మ గీసి, గాలి తీయడం ఎలాగో మగవాళ్ళకి చెప్తున్నారు. ఏమనే తీరిక ఆయనకెక్కడిది? ఒక ముసలావిడ, పెద్దావిడకి తోడికోడలట, "నన్నో చుట్టు తిప్పమ్మా," అని ఎవరూ ఏమీ అనేలోపే తొట్టిలోకి ఎక్కేసి కూర్చుంది. ప్లగ్గు తీసి రచ్చబండ దాకా తిప్పి తెచ్చేను. ఆ తరవాత ఇంకో నలుగురు ఎక్కేరు. మావయ్యగారు అరుగు మీంచి చూస్తూ, "అమ్మాయ్, చార్జింగూ..." అంటున్నారు. ఎవరికీ పట్టలేదు.

భోజనాలు చేస్తుంటే కరెంటు పోయింది. తిరిగొచ్చేసరికి రెండు గంటలు పట్టింది. సాయంకాలం ఎండ ఉండగానే గోదావరి దాటాలని, నిండీ నిండని బ్యాటరీతోనే బయల్దేరేం. ఖాళీ తొట్టి, దాంట్లో మావయ్యగారు. టైర్లలో గాలి మళ్ళీ తీసి, మట్టల మీంచి ఇసక దాటేం. మా ఆయన అప్పటికి ఆ పనిలో ఎంత ఆరితేరేరంటే, అగ్గిపుల్ల నోట్లో పెట్టుకుని, మెకానిక్కులాగా కనబడుతున్నారు.

ఇవతలి రేవు సైకిలు షాపులో గాలి కొట్టించి గట్టెక్కబోతే, సగం ఎక్కేక బండి ఆగిపోయింది. పిడి ఎంత మెలేసినా మూలిగింది గానీ కదల్లేదు. బ్రేకు మీద బరువంతా వేసి నుంచున్నాను.

మా ఆయన దిగిపోయేరు. కొంచెం కదిలింది. ఆగింది.

"నాన్నగారూ, మీరు కూడా దిగండి," అన్నారు.

"నేనెంత బరువురా? పొద్దున్న మూడొందల భోజనాల గుండిగతో పాటు మోసింది నన్ను."

"పొద్దున్న దిగుడండి. ఇప్పుడెక్కుడు."

"నువ్వు ఎడం పక్కనుంచి తోస్తే ఎక్కుతాది."

రేవులో ఉన్నవాళ్ళంతా ఈ వాదన చూస్తున్నారు. "మావయ్యగారూ," అన్నాను, వెనక్కి తిరక్కుండానే, "మీరు తిన్న బూరెలు కూడా బరువే కదండీ." కోడలు మావగారితో అనదగిన మాట కాదది. అనేసేక నాలిక కరుచుకున్నాను. వెనకనుంచి పెద్దగా నవ్వు వినిపించింది. ఆయన దిగేరు. బండి గబగబా గట్టెక్కేసింది, పైన వాళ్ళిద్దరి కోసం నేను చాలాసేపు ఎదురుచూడాల్సొచ్చింది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు గుమ్మంలో నుంచునున్నారు. "ఎలా ఉంది?" అన్నారు. బండి గురించో, నా గురించో, లంక గురించో తెలీలేదు.

మావయ్యగారు కాళ్ళు కడుక్కుంటూ చెప్పేరు. "మూడొందల భోజనాల సామాను మోస్తాది. ఒక్క భోజనం తినొచ్చిన మనిషిని మాత్రం మొయ్యలేదు."

ఆ పెళ్ళి సామాను తిరిగి తేవడానికి కూడా నేనే వెళ్ళేను. తరవాత వారం కె.గంగవరం వైపునుంచి ఒకాయన వచ్చి, గుండిగలు కావాలని, ఫలానా లంకకి తెచ్చిన కోడలుగారే తేవాలని అడిగేడు. "మా ఇంటి ఆడవాళ్ళు చూస్తామంటున్నారండి," అన్నాడు. మావయ్యగారికి అది వ్యాపారం. వెంటనే ఒప్పేసుకున్నారు. అమలాపురం తీసుకెళ్ళి నాకు లైసెన్సు ఇప్పించేరు. మా ఆయన తువ్వాలు చుట్టుకోవడం మానేసేరు. నా పక్కన సగం సీటులో కూర్చుని, ఎవరైనా ఆశ్చర్యపోతే, "నేనే నేర్పేను," అనేవారు. నేను కాదనేదాన్ని కాదు. ఇసక సంగతి ఆయనే నేర్పేరు, నిజమే కదా.

నాలుగేళ్ళు తోలేను. బ్యాటరీలు ఏడాదికేడాది మెత్తబడ్డాయి. మొదట రావులపాలెం వెళ్ళి రాగలిగేది, తరవాత కొత్తపేట, ఆ తరవాత పలివెల. మూడో ఏడు బ్యాటరీలు మార్చేం. కొత్త పెళ్ళికొడుకులాగా మళ్ళీ అంతా తిరిగింది. నాలుగో ఏడు వానల్లో లోపల ఏదో పెట్టె కాలిపోయింది. అప్పటికే ఆ రకం బళ్ళు రావడం ఆగిపోయింది, సామాన్లు దొరకలేదు. రావులపాలెంలో ఒక మెకానిక్కు మూత విప్పి, చాలాసేపు చూసి, "ఎక్కడ చూడాలో తెలియట్లేదండి," అని మళ్ళీ మూత పెట్టేసేడు. మంచివాడు. బ్యాటరీలు పాత సామానుకి ఇచ్చేసేం. ఒళ్ళు మాత్రం ఒక కూరగాయలాయన కొనుక్కుని, చక్రాల కింద దిమ్మలు పెట్టి దాన్నే కొట్టు చేసుకున్నాడు. తొట్టిలో వంకాయలు, రేకు కింద ఆయన.

అప్పటికి చిన్న నాలుగు చక్రాల డీజిలు బళ్ళు మార్కెట్లోకొచ్చేయి. మా ఆయన కొనేసేరు. ముందు ఇద్దరికి క్యాబిను, వెనక తొట్టి. అయిదొందల భోజనాలు. కొన్న రోజున మా ఇంటి ముందు స్టార్టు చేసి, పది నిమిషాలు ఊరికే అలా చప్పుడు చేయించేరు.

దాన్ని నేను ముట్టుకోనన్నాను. క్లచ్చు, గేర్లు, అదంతా మగవాళ్ళ గోలన్నాను. ఆరునెలల తరవాత ఒకసారి ఖాళీ పొలం పక్క దారిలో ఆయనే బలవంతంగా కూర్చోబెట్టేరు. క్లచ్చు వదిలేసరికి బండి కప్పలాగా గెంతి ఆగిపోయింది. ఆయన కోప్పడ్డారు. నేను దిగి ఇంటికి నడిచొచ్చేసేను. మర్నాడు మళ్ళీ వెళ్ళేం. ఆ మర్నాడూ వెళ్ళేం. పదిహేను రోజులకి గెంతడం మానేసింది.

ఒక పెళ్ళికి సామాను దింపడానికి రాజోలు వెళ్ళాల్సొచ్చింది. పొద్దున్న ఆయనకి కొంచెం నలతగా ఉందంటే నేను తోలేను. కొత్తపేట దాటేదాకా "ఎడమ, హారను" అన్నారు. కాసేపటికి మాటలు వినబడలేదు. చూస్తే, తల అద్దానికి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నారు. రాజోలులో పెళ్ళింటి ముందు నేను బండి ఆపేదాకా లేవలేదు.